కడుపు కోసిన మనిషి బరువులు ఎత్తొచ్చా? ఇంట్లో పెట్టే భయాలకు ఒక జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. వయసు 43, రెండు సిజేరియన్లు, ఐదేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. ఈ మధ్య పరీక్షల్లో షుగర్ బోర్డర్‌లో ఉందని, ఎముకల సాంద్రత తగ్గిందని వచ్చింది. నడక ఒక్కటే చాలదు, బరువులతో వ్యాయామం చేయమని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట ఇంట్లో అనగానే తలా ఒక భయం తెచ్చారు. కుట్లు ఊడిపోతాయని అత్తగారు, మగరాయుడిలా తయారవుతావని మీవారు, మోకాళ్లలో గుజ్జు అరిగిపోతుందని పక్కింటావిడ. జిమ్‌లో కుప్పకూలినవాళ్ల వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్న మరిదిగారు సరేసరి. మీతో పాటు వస్తానంటున్న పద్నాలుగేళ్ల బాబుకేమో పొడుగు ఆగిపోతుందట. ఇందులో ఏది నిజం, ఏది ఉత్తిదని అడిగారు.

నేను విశాఖలో ఆడవాళ్ల బ్యాచ్‌లకు శిక్షణ ఇస్తాను. అంతకుముందు పోటీల్లో బరువులు ఎత్తినదాన్నే. ఈ ఐదు భయాలూ దాదాపు ప్రతి కొత్త బ్యాచ్‌తోనూ తలుపు తోసుకుని వస్తాయి. ఒక్కోదాంట్లో కొంచెం నిజం ఉంది కాబట్టే అవి ఇన్నాళ్లు బతికాయి. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకోటి: నిజంగా జాగ్రత్తపడాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఏ ఇంట్లోనూ ఎవరూ నోరెత్తరు. అవి కూడా చెప్తాను.

ముందు అత్తగారి మాట చూద్దాం. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద భయం ఇదే, కారణం కూడా ఉంది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే. ఆంధ్రలో 42. దేశం మొత్తానికి చూస్తే 21 పైచిలుకు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలోనూ మన రెండు రాష్ట్రాలే దేశంలో ముందు వరసలో ఉన్నాయి. అందుకే ‘కడుపు కోసిన మనిషి బరువు ఎత్తకూడదు’ అన్నది మన ఇళ్లలో ఆచారంలా స్థిరపడింది.

ఇది మొదలైంది ఆసుపత్రిలోనే. డిశ్చార్జ్ రోజున ‘ఆరు వారాలు బరువులు ఎత్తొద్దమ్మా’ అని చెప్తారు. ఇంటికొచ్చేసరికి ఆరు వారాలు దారిలో జారిపోయి ‘ఎత్తొద్దమ్మా’ ఒక్కటే మిగులుతుంది. అది జీవితాంతం ఉంటుంది.

డాక్టర్లు ఆరు వారాలని ఎందుకంటారంటే, పైన చర్మం రెండు వారాల్లో మూసుకుపోయినా లోపల కండరాల మీద ఉండే గట్టి పొర అంత త్వరగా అతుక్కోదు. ఆరు వారాలకు రోజువారీ పనులు తట్టుకునేంత గట్టిపడుతుంది, ఆ తర్వాత కూడా నెలల పాటు బలపడుతూనే ఉంటుంది. లోపల వేసిన దారాలు చాలావరకు కరిగిపోయే రకం. ఐదేళ్ల తర్వాత ఊడటానికి అక్కడ కుట్లే ఉండవండీ.

నిజంగా చూసుకోవాల్సింది ఇంకొకటి. కోత పెట్టిన చోట గోడ బలహీనపడి హెర్నియా వచ్చిందేమో చూడాలి. వెల్లకిలా పడుకుని, చేతుల సాయం లేకుండా తల, భుజాలు కొంచెం పైకెత్తండి. మచ్చ పొడవునా ఎక్కడైనా ఉబ్బెత్తుగా లేచిందా? దగ్గినప్పుడు ఏదైనా పొడుచుకు వస్తోందా? అలా ఉంటే ముందు సర్జన్‌కి చూపించి తర్వాతే జిమ్. ఏమీ లేదంటే, కోత గురించి ఇక దిగులు పెట్టుకోకండి.

ఇంకో మాట. గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ సుమారు 15 కిలోలు. రెండూ కలిపి 30 కిలోల దగ్గర. అది గుమ్మం నుంచి వంటింట్లోకి జరిపేది ఎవరు? ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి, నడుము తిప్పి, డిస్పెన్సర్ మీద బోర్లించేది ఎవరు? తడిసిన దుప్పట్ల బకెట్ మేడ మీదికి మోసేది ఎవరు? ఆ పనులప్పుడు కుట్లు ఎవరికీ గుర్తురావు. మొదటి రోజు నేను మీలాంటివాళ్ల చేతికిచ్చే డంబెల్ రెండు కిలోలు, మహా అయితే మూడు. దానికి మాత్రం ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. మీ అత్తగారితో పోట్లాడమని కాదు. ఆ బండ ఎలా ఎత్తితే నడుము పట్టెయ్యదో నేర్పేదే ఈ వ్యాయామం అని చెప్పి చూడండి. పెద్దవాళ్లకు ఆ మాట తొందరగా ఎక్కుతుంది.

మీ విషయంలో ఎముకల సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అన్నది మీరు రాయలేదు. డిశ్చార్జ్ సమ్మరీ వెతికి చూడండి. తీసేసి ఉంటే ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముక కరగడం ఆ రోజు నుంచే వేగం అందుకుంటుంది. ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లలో మెనోపాజ్ కొంచెం ముందుగానే రావచ్చు. అసలే మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46–47 ఏళ్లకే వచ్చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా పడుతుంది. కాబట్టి డాక్టరుగారు ఊరికే చెప్పలేదు.

నడక ఎందుకు చాలదో కూడా చూడండి. ఎముక ఊరికే ఉండే కర్ర ముక్క కాదు, దానిలో ప్రాణమున్న కణాలు ఉన్నాయి. అలవాటైన భారానికి మించి ఎముక మీద పడినప్పుడు, అది పిసరంత వంగినప్పుడు, ఆ కణాలు గుర్తుపట్టి అక్కడ కొత్త ఎముక కట్టిస్తాయి. రోజూ నడిచే నడక దానికి ఎప్పుడో అలవాటైపోయింది. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం జరిగింది. ఫలితాలు 2017–18లో వచ్చాయి. మెనోపాజ్ దాటి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు నిజంగా బరువైన బరువులే ఎత్తించారు. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిలబడేదాకా ఎత్తడం), స్క్వాట్ (భుజాల మీద బార్‌తో గుంజీ), తల మీదికి ఎత్తే ప్రెస్, పైగా ఎగిరి దూకడం. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతం మించి, ఐదేసి చొప్పున ఐదు సెట్లు. వాళ్ల నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసిన గుంపులో 1.2 శాతం తగ్గింది. ఇంత చేసినా బరువులెత్తిన గుంపు మొత్తానికి జరిగిన నష్టం ఒకరికి నడుము దగ్గర చిన్న పట్టు. అయితే ఇది చదివి రేపే పెద్ద బార్ పట్టుకోకండి. అక్కడ కూడా మొదటి నెల ఒట్టి ఒంటి బరువుతో, తేలిక బరువులతో పద్ధతే నేర్పారు. పక్కన శిక్షకులు నిలబడి చూశారు.

గర్భసంచి ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ‘సంచి జారిపోతుంది’ అన్న భయం గురించి రెండు ముక్కలు. జారడానికి పెద్ద కారణాలు యోని ద్వారా అయిన కష్టమైన కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, అధిక బరువు. ఆస్ట్రేలియా పరిశోధకులే దాదాపు నాలుగు వేల మంది ఆడవాళ్లను అడిగిన ఒక సర్వేలో 50 కిలోలకు పైగా ఎత్తేవాళ్లలో జారిన లక్షణాలు తక్కువగా కనిపించాయి, 15 కిలోల లోపు ఎత్తేవాళ్లలోనే ఎక్కువ. ఇబ్బంది ఉన్నవాళ్లు పెద్ద బరువులు మానేసి ఉండొచ్చు కాబట్టి దీన్ని రుజువుగా చూపించను. కానీ భయపెట్టినంత ప్రమాదమే ఉంటే లెక్క ఇలా తిరగబడదు కదా. కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా ఉన్నట్టు అనిపిస్తే గైనకాలజిస్టుకు చూపించుకోండి. ఊపిరి బిగబట్టి కిందికి ముక్కకుండా, ఎత్తేటప్పుడు వదులుతూ చేయడం నేర్చుకోండి.

ఇక మీవారి భయం. కండలు పెరగడానికి మగవాళ్లలో ముఖ్యంగా పనిచేసే టెస్టోస్టెరాన్ ఆడవాళ్లలో పదో వంతు, కొందరిలో ఇరవయ్యో వంతు మాత్రమే ఉంటుంది. అంత హార్మోన్ పెట్టుకుని రోజూ జిమ్‌కొచ్చే మగపిల్లలే ఏడాది తిరిగినా చొక్కా చేతులు బిగుతవడం లేదని ఏడుస్తుంటారు. వారానికి రెండు మూడు రోజులు చేసే మీకు కండలు పొరపాటున వచ్చేస్తాయా? ఇంటర్నెట్‌లో కనిపించే ఆ ఫొటోల వెనక ఏళ్ల తపస్సు, లెక్కపెట్టిన తిండి, చాలాసార్లు సూది మందులు ఉంటాయి.

కరణం మల్లీశ్వరిని తలుచుకోండి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ తర్వాతి ఏడాది తల్లి కూడా అయింది. టోక్యోలో వెండి గెలిచిన మీరాబాయి చాను తన 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలు ఎత్తింది. చీర కట్టుకుని మీ వీధిలో నడిస్తే ఎవరూ తిరిగి చూడరు. మా ఉత్తరాంధ్రలో, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని బరువులెత్తేవాళ్ల ఊరిగా పేరుపడ్డ ఊరుంది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ ఊళ్లో ఆడపిల్లలు బార్ పట్టుకుంటే మగరాయుళ్లయిపోతారని ఎవరైనా అంటే నవ్వుతారు.

మీలో వచ్చే మార్పు ఏమిటో నేను చెప్తాను. మొదటి ఆరేడు వారాలు బలం పెరుగుతుంది గానీ ఒంట్లో తేడా పెద్దగా కనిపించదు. అది చాలావరకు నరాలు కండరాలను సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వచ్చే బలం. ఆ తర్వాత జాకెట్ భుజాల దగ్గర కాస్త కుదురుగా, నడుము దగ్గర కాస్త వదులుగా అనిపించొచ్చు. అరచేతుల్లో కాయలు కాస్తాయి. వేయింగ్ మిషన్ మీద అంకె అంతగా తగ్గకపోవచ్చు, దానికి బెంగపడొద్దు. తిన్న పిండి పదార్థాల నుంచి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను లాక్కునేది కండరమే. మీ బోర్డర్ షుగర్‌కు అది మందులాంటిది.

పక్కింటావిడ చెప్పిన గుజ్జు మాట మన తెలుగువాళ్లందరి నోట్లోనూ ఉంది. మోకాలు నొప్పి అనగానే ‘గుజ్జు అరిగిపోయింది, మెట్లెక్కకు, కింద కూర్చోకు’ అంటారు. ఆ మాట విని నొప్పి ఉన్న మనిషి కదలకుండా ఉండిపోతే తొడ కండరం సన్నబడి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. మోకాలి ఆర్థరైటిస్‌కు ప్రపంచమంతా డాక్టర్లు ముందుగా చెప్పేది వ్యాయామం, బరువు తగ్గడం. అందులో తొడ కండరం బలపరచడం ముఖ్యం. మనం గుజ్జు అనే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. మోకాలు వంగి సాగుతున్నప్పుడు పడే ఒత్తిడికే పోషక ద్రవం దానిలోకి వెళ్లి వస్తుంది. పనిలేని మోకాలు ఎండుతుంది.

స్క్వాట్ అంటే భయపడక్కర్లేదు. బళ్లో మాస్టారు తీయించిన గుంజీలే అవి, చెవులు పట్టుకోవడం ఒక్కటే తేడా. కుర్చీ అంచున కూర్చుని, చేతులు ముందుకు చాపి లేవండి. మోకాలు కాలి వేళ్లను దాటకూడదన్న నియమం కూడా చాలామంది ట్రైనర్లు చెప్తారు గానీ అది అంత పట్టించుకోవాల్సింది కాదు. మెట్లు దిగేటప్పుడు ప్రతి మనిషికీ దాటుతుంది. నేను చూసే కొలమానం ఒకటే: చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. మోకాలు వాచినా, మర్నాటికి నొప్పి ఎక్కువైనా లోతు తగ్గించాలి, బరువు తగ్గించాలి. నడుము విషయం కూడా అంతే. పద్ధతి తప్పినా, తొందరపడినా నడుము పట్టేస్తుంది. అది నిజమే. అయినా దెబ్బల లెక్కలు చూస్తే మామూలు బాడీబిల్డింగ్ తరహా శిక్షణలో వెయ్యి గంటలకు ఒక దెబ్బ కూడా ఉండదు. పోటీల్లో బరువులెత్తేవాళ్లలో కూడా రెండు మూడు, మహా అయితే నాలుగు.

మరిదిగారి వీడియోల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2021 అక్టోబరు 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ బెంగళూరులో 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆరోజు పొద్దున ఆయన వ్యాయామం చేశారన్న వార్త వచ్చింది. ఆ వారంలో మా బ్యాచ్‌లోకి కూడా కొందరు రాలేదు. అప్పటి నుంచి ఎక్కడ ఎవరు జిమ్‌లో కూలిపోయినా సీసీటీవీ క్లిప్ మన ఫోన్లోకి వచ్చేస్తోంది. సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ పోయినవాళ్లు వీటికి ఎన్నో రెట్లు, కానీ వాళ్ల హాల్లో కెమెరా ఉండదు.

దీంట్లో కూడా చిన్న నిజం ఉంది, పాత లెక్కలే ఉన్నాయి. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి చేసిన ఒక అధ్యయనం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. బాగా శ్రమపడ్డ గంటలో గుండెపోటు ముప్పు, మామూలు సమయంతో పోలిస్తే, వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేయనివాళ్లలో వంద రెట్లు దాటింది. వారానికి ఐదు రోజులు, అంతకన్నా ఎక్కువ చేసేవాళ్లలో రెండు రెట్ల పైన మాత్రమే. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది కాబట్టి వంద రెట్లన్నా అది భయంకరమైన అంకె కాదు. కానీ ఎవరికి ముప్పో అది చెప్పేసింది. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, జనవరి ఒకటిన ఫీజు కట్టి, మొదటి రోజే కుర్రాళ్లతో పందెం వేసే మనిషికి. మరిదిగారు స్వయంగా ఆ కోవలో ఉంటే వీడియోలు పంపడం ఆపి ఆయన బీపీ చూపించుకోవడం మంచిది.

పైగా మన దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బు పాశ్చాత్యుల కన్నా చాలా ముందే వస్తుంది. కాబట్టి మీరు మొదలుపెట్టేముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నాన్నగారికో అన్నయ్యకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి. శ్రమపడితే ఛాతీలో పట్టు, ఎడమ చేయి లాగడం, అలవాటైన పనికే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు కార్డియాలజిస్టు. బరువు ఎత్తే క్షణంలో బీపీ పెరుగుతుంది, అదీ నిజమే. 1985లో కెనడాలో బాడీబిల్డర్ల ధమనిలోపలే కొలిచి చూస్తే, ఊపిరి బిగబట్టి, ఇక కదలనంతవరకు లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం) చేసినప్పుడు సగటున 320/250 దాకా వెళ్లింది. సెట్ ముగిసిన కొద్ది సెకన్లకే దిగిపోయింది. మీరు ఆ స్థాయికి ఎప్పుడూ వెళ్లరు, ఊపిరి వదులుతూ చేస్తారు, అలసిపోయేదాకా లాగరు. కూర్చున్నప్పుడే 180/110 దాటి ఉంటే మాత్రం అది అదుపులోకి వచ్చేదాకా బరువుల జోలికి వెళ్లొద్దు. అదుపులో ఉన్న బీపీ అడ్డం కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో ఇచ్చిన ప్రకటన ప్రకారం బరువుల వ్యాయామం చేసేవాళ్లలో మరణాల ముప్పు సుమారు 15 శాతం తక్కువ.

బాబు పొడుగు సంగతి తేలిగ్గానే తేలుతుంది. పిల్లల ఎముకల చివర్లో ఎదుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. అది దెబ్బతింటే ఎదుగుదల చెడొచ్చు. భయానికి మూలం అది. కానీ సరైన పర్యవేక్షణలో చేసే బరువుల వ్యాయామం పొడుగును ఆపుతుందని ఏ అధ్యయనమూ చూపించలేదు. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెప్పేదీ అదే, చెప్పినట్టు వినే వయసొస్తే చేయవచ్చనే అంటుంది. మీ బాబు గోడ మీంచి దూకినప్పుడు, క్రికెట్లో పరిగెత్తి బంతి వేసినప్పుడు కాళ్ల మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. దానికి ఎవరూ ఆపరు. బరువులెత్తే ఛాంపియన్లు పొట్టిగా ఉంటారు కదా అంటారు. టర్కీ ఛాంపియన్ నయీమ్ సులేమానొగ్లు పొడవు 147 సెంటీమీటర్లే, నిజం. పొట్టివాళ్లకు బార్ ఎత్తాల్సిన దూరం తక్కువ కాబట్టి చిన్న విభాగాల్లో వాళ్లే ముందుంటారు. మూడు ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన జార్జియా దేశస్థుడు లాషా తలఖాడ్జె పొడవు 197 సెంటీమీటర్లు. బాబు విషయంలో నా షరతులు మూడు: ఒంటరిగా చేయకూడదు, ఒక్కసారికి ఎంత ఎత్తగలనో చూస్తానని పందేలు వేయకూడదు, రీల్స్ చూసి కొత్త విన్యాసాలు మొదలుపెట్టకూడదు.

మీరు అడగలేదు గానీ, బాబు నెలలోపే ప్రొటీన్ పౌడర్ అడుగుతాడు, అప్పుడు ‘కిడ్నీలు పోతాయి’ అన్న ఆరో భయం లేస్తుంది. వే ప్రొటీన్ అంటే పాలు విరగ్గొట్టాక మిగిలే తేటనీళ్ల నుంచి తీసిన పొడి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను అది పాడుచేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. అలాగని కొనమని చెప్పడం లేదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ఈ పౌడర్లు వద్దనే అంది. పద్నాలుగేళ్ల పిల్లాడికి గుడ్లు, పప్పు, పెరుగు, చేప, సెనగలు చాలు. మీకు మాత్రం కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము పైనే ప్రొటీన్ అందేలా చూసుకోండి. మన ఇళ్లలో ఆడవాళ్ల కంచంలో అన్నం ఉన్నంత పప్పు ఉండదు. మానేస్తే కండ కొవ్వుగా మారుతుందనే మాట కూడా వింటారు. రెండూ వేర్వేరు కణజాలాలు, ఒకటి ఇంకోటిగా మారదు. మానేసినవాళ్లు తిండి మాత్రం అలాగే తింటారు, అంతే.

ఇక నేను నిజంగా భయపడేవి. అన్నిటికన్నా ముందు సూదులు. మెఫెంటెర్మైన్ అనే ఇంజెక్షన్ ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన బీపీని లేపడానికి వాడతారు. అది హైదరాబాద్‌లో జిమ్‌కొచ్చే కుర్రాళ్లకు అమ్ముతూ పట్టుబడ్డ కేసులు వార్తల్లో చూస్తూనే ఉన్నాం. స్టెరాయిడ్లు సరేసరి. మీ బాబుకు ఎవరైనా ‘తొందరగా సైజు వచ్చే’ మందు చూపిస్తే ఆ జిమ్‌కు మళ్లీ పంపొద్దు. రెండోది, మొదటి రోజే ట్రైనర్ ఉత్సాహంతో వంద గుంజీలు తీయించడం. ఒళ్లు నొప్పులు రెండో రోజు ఎక్కువై నాలుగో రోజుకు తగ్గడం మామూలే. కానీ కాళ్లు వాచిపోయి, మూత్రం కోలా రంగులో వస్తే అది కండరం కరిగి కిడ్నీల మీద పడుతున్న గుర్తు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. మూడోది ఒంటరిగా బెంచ్ ప్రెస్, అంటే పడుకుని ఛాతీ మీంచి బార్ ఎత్తడం. బార్ ఛాతీ మీద ఆగిపోతే లేపేవాళ్లుండాలి.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి ఉంది, దీన్ని ఎవరూ రాయరు: చున్నీ. ట్రెడ్‌మిల్ బెల్టులో, కేబుల్ మిషన్ పుల్లీలో చున్నీ పడితే మెడకు బిగుసుకుంటుంది. పొడవాటి నల్లపూసలు బార్‌కు తగులుకుంటాయి, గాజులు పగిలి మణికట్టు కోస్తాయి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే టీషర్ట్ లోపల వేసి పైన పిన్ను పెట్టుకోండి.

ఎముకలు బలహీనపడ్డవాళ్లకు ఇంకోటి. ఇంట్లో అందరూ ‘యోగా చెయ్యి, అది సేఫ్’ అంటారు. యోగా మంచిదే. కానీ వెన్నెముక సాంద్రత బాగా తగ్గిన మనిషి నడుము గుండ్రంగా వంచి కాలివేళ్లు అందుకోవడం, సిట్-అప్‌లు తీయడం మంచిది కాదు. 1984లోనే మేయో క్లినిక్ వాళ్లు చూశారు, ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లకు వెన్నుపూసలు కొత్తగా విరగడం చాలా ఎక్కువ, వెనక్కి సాగే వ్యాయామాలు చేసినవాళ్లకు చాలా తక్కువ. అందరూ వారించే డెడ్‌లిఫ్ట్‌లో నడుము నిటారుగానే ఉంటుంది, వంగేది తుంటి దగ్గర.

మొదలుపెట్టడం ఇలా. వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు రోజుల ఖాళీ. మీ ఊళ్లో జిమ్‌కు మధ్యాహ్నం లేడీస్ టైమింగ్ ఉంటే అప్పుడు వెళ్లండి, మిషన్లు ఖాళీగా ఉంటాయి, ట్రైనర్ మీ మీద దృష్టి పెట్టగలుగుతారు. మొదటి నెల ఐదే కదలికలు: కుర్చీ మీంచి లేవడం, తుంటి దగ్గర వంగి డంబెల్ నేల మీంచి తీయడం, గోడకు ఆని పుష్-అప్, కేబుల్‌ను ఛాతీ వైపు లాగడం, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నిటారుగా నడవడం. ఒక్కోటి పదేసి చొప్పున రెండు సెట్లు. ఆగేసరికి ఇంకా మూడు నాలుగు చేయగలను అనిపించాలి. రెండు వారాలు వరసగా తేలిక అనిపిస్తే అప్పుడు ఒక కిలో పెంచండి. నోట్‌బుక్కులో రాసుకోండి, జ్ఞాపకం మీద వదిలేస్తే రెండు నెలలైనా అదే డంబెల్ పట్టుకుని ఉంటారు. ఎముకకు అది చాలదు.

జనం చూస్తారన్న బెరుకు గురించి మీరు రాయలేదు, కానీ వెనక్కి లాగేది చాలామందికి అదే. మొదటి వారం అద్దానికి దూరంగా ఓ మూల చేసుకోండి. రెండో వారానికి ఎవరి సెట్లు వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారని మీకే తెలుస్తుంది.

డిశ్చార్జ్ సమ్మరీలో అండాశయాల సంగతి, డెక్సా (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) రిపోర్టులో నడుము, తుంటి దగ్గర టి-స్కోర్లు (సాంద్రత ఎంత తగ్గిందో చెప్పే అంకెలు) ఎంతున్నాయో రాయండి. మైనస్ 2.5 కన్నా కిందికి వెళ్లి ఉంటే దూకే వ్యాయామాలు ఇప్పుడే వద్దు, పక్కన ఫిజియోథెరపిస్టు ఉండగా మొదలుపెట్టాలి. అంత లేకపోతే పైన చెప్పిన ఐదూ వచ్చే వారం నుంచే చేసుకోవచ్చు.